తెలుగు సాహిత్యం ఆప్షనల్‌కి గురువు: కోచింగా, ప్రొఫెసరా, ర్యాంకరా, టెస్ట్ సిరీసా?

సివిల్స్ మెయిన్స్‌కి తెలుగు సాహిత్యం ఆప్షనల్‌గా తీసుకుందామని తేల్చుకున్న రోజే ఇంకో ప్రశ్న మొదలవుతుంది: ఎవరి దగ్గర చదవాలి? హైదరాబాద్ అశోక్‌నగర్ వైపు కోచింగ్ సెంటర్లున్నాయి. యూనివర్సిటీలో తెలుగు చెప్పి రిటైరైన మాస్టార్లున్నారు. ఇదే ఆప్షనల్‌తో సర్వీసు తెచ్చుకున్నవాళ్లు గైడెన్స్ ఇస్తామంటున్నారు. రికార్డు చేసిన వీడియో కోర్సులు, ఉత్త టెస్ట్ సిరీస్‌లు సరేసరి. వీళ్లలో ఎవరు నయం అని అడిగితే జవాబు ఉండదు. మీకు ఏది రాదో తెలిస్తే మాత్రం ఉంటుంది.

నా ఉద్దేశం ముందే చెబుతాను. మీరు చేత్తో రాసిన జవాబుని మొదటి వాక్యం నుంచి చివరిదాకా చదివి, మార్కు ఎక్కడ పోయిందో పక్కన రాసి, వారంలోపు తిరిగిచ్చే మనిషి ముందు కావాలి. పాఠం గొప్పగా చెప్పడం ఆ తర్వాతి సంగతి. పాఠానికి పుస్తకాలున్నాయి, లైబ్రరీలున్నాయి. మన జవాబులో లోపం మాత్రం మన కంటికి ఆనదు.

పరీక్ష ఏం అడుగుతుందో చూసి వెతకండి

ఆప్షనల్ అంటే రెండు పేపర్లు, ఒక్కోటి 250 మార్కులు. ర్యాంకుకి లెక్కలోకి వచ్చే రాతపరీక్ష 1750 మార్కుల్లో 500 ఇవే. ఒక్కో పేపర్లో రెండు సెక్షన్లు, మొత్తం 8 ప్రశ్నలుంటాయి, 5 రాయాలి. ఒకటోది, ఐదోది తప్పనిసరి. మిగతా మూడింటిలో ప్రతి సెక్షన్ నుంచీ కనీసం ఒకటి ఉండాలి. తప్పనిసరి ప్రశ్నల్లో 10 మార్కుల బిట్లు ఐదేసి వస్తాయి, ఒక్కోటి 150 మాటల్లో రాయాలి. మిగతా ప్రశ్నల్ని మామూలుగా 20, 15, 15గా విడగొట్టి ఇస్తారు. అంటే మూడు గంటల్లో 19 జవాబులు. లెక్క వేస్తే 10 మార్కుల జవాబుకి దొరికేది 7 నిమిషాలు. పైగా తెలుగులో రాయాలి. స్కూలు వదిలాక తెలుగులో ఒక పేజీ కూడా రాయనివాళ్లకి మొదట చెయ్యి నొప్పెడుతుంది, తర్వాత టెన్షన్ పెరుగుతుంది, ఆఖరి రెండు ప్రశ్నలు సగంలో ఆగిపోతాయి.

మొదటి పేపర్లో సగం భాషాచరిత్ర. ద్రావిడ భాషల్లో తెలుగు స్థానం, మూల ద్రావిడం నుంచి ప్రాచీన తెలుగుకి, అక్కడి నుంచి నేటి తెలుగుకి ధ్వనుల్లో, పదాల్లో, వాక్యాల్లో వచ్చిన మార్పులు, అన్యభాషల ప్రభావం, మాండలికాలు, ఆధునికీకరణ, అనువాద సమస్యలు ఇందులోవే. మిగతా సగం నన్నయకి ముందు నుంచి స్త్రీవాద, దళిత సాహిత్యం దాకా సాహిత్య చరిత్ర.

రెండో పేపరు పూర్తిగా పాఠ్యగ్రంథాలు. నన్నయ దుష్యంత చరిత్ర, తిక్కన శ్రీకృష్ణ రాయబారం, శ్రీనాథుడి గుణనిధి కథ, పింగళి సూరన సుగాత్రీ శాలీనుల కథ, అవతారికతో (పీఠికతో) సహా మొల్ల రామాయణం బాలకాండ, కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకం మొదటి సెక్షన్‌లో ఉంటాయి. గురజాడ కథలు, మహాప్రస్థానం, కృష్ణపక్షం, గబ్బిలం మొదటి భాగం, ఆత్రేయ నాటకం ఎన్.జి.ఓ., రావిశాస్త్రి అల్పజీవి లాంటివి రెండో సెక్షన్. గ్రంథాల్ని స్వయంగా చదివి ఉండాలని సిలబస్‌లోనే రాసి ఉంది. రసం, ధ్వని, వక్రోక్తి, ఔచిత్యం లాంటి అలంకారశాస్త్ర భావనల దగ్గర్నుంచి సామాజిక, చారిత్రక, మనోవైజ్ఞానిక దృక్పథాల దాకా ఏ కోణంలోంచైనా విమర్శించగలగాలని కూడా ఉంది. చాలామంది ఆ రెండు మాటలూ దాటేసి గ్రంథాల పేర్ల దగ్గరికి వెళ్లిపోతారు. గురువుని వెతకడానికి నాకు అంతకన్నా మంచి కొలత కనబడలేదు: ఈయన నాకు కథ చెబుతున్నారా, విమర్శ నేర్పుతున్నారా?

భాషాశాస్త్రం, సాహిత్య చరిత్ర, పద్యం. ఈ మూడూ ఒకే మనిషికి సమానంగా రావడం అరుదు. అందుకే ఒక్కచోటే అంతా దొరకాలని పట్టుబట్టకండి.

ఎవరి దగ్గర ఏం దొరుకుతుంది

కోచింగ్ సెంటర్లో దొరికేది క్రమం. ఇన్ని వారాల్లో ఇంత అని ఒక టైమ్ టేబుల్ ఉంటుంది, పక్కన చదివేవాళ్లుంటారు, నోట్స్ చేతికొస్తుంది. ఇంట్లో కూర్చుంటే పుస్తకం తెరవలేనివాళ్లకి ఇది చిన్న విషయమేమీ కాదు. ఇబ్బంది కూడా ఆ నోట్స్‌తోనే వస్తుంది. బ్యాచ్ మొత్తం అదే నోట్స్ చదివి అవే వాక్యాలు రాస్తుంది. నన్నయ గురించి ఏం అడిగినా ప్రసన్నకథాకలితార్థయుక్తి, అక్షరరమ్యత, నానారుచిరార్థసూక్తినిధిత్వం అని, ఆయన తన కవిత్వానికి చెప్పుకున్న మూడు గుణాలూ వరసగా దించేసే జవాబులు ఇలాగే పుడతాయి. అడిగింది శకుంతల పాత్ర గురించైనా సరే, మొదటి పేరా అదే. దిద్దేవాళ్లకి అలాంటి పేపర్లు కట్టలు కట్టలుగా వస్తాయి. కోచింగ్‌లో చేరితే నోట్స్‌ని పునాదిగా వాడుకోండి, జవాబులోకి మాత్రం మీరు మూలంలో చదివిన పద్యాన్నే తెచ్చుకోండి. చేరేముందు ఇంకో సంగతి కనుక్కోవాలి. పోస్టర్ మీద ఫోటో ఉన్న సారే మొత్తం చెబుతారా, కొన్ని క్లాసులే చెప్పి మిగతావి ఇంకొకరికి అప్పగిస్తారా? జవాబులు దిద్దేది ఎవరు? తెలుగు ఆప్షనల్ బ్యాచ్‌లు చిన్నవి కాబట్టి, సరిపడా మంది రాకపోతే బ్యాచ్‌ని వాయిదా వేస్తారేమో కూడా అడగండి.

యూనివర్సిటీ ప్రొఫెసర్ దగ్గర దొరికే లోతు ఇంకెక్కడా దొరకదు. రెండో పేపరు మొదటి సెక్షన్‌కి, అంటే పద్యానికి, నా ఓటు ఎప్పుడూ వీళ్లకే. అన్వయం కుదరని పద్యాన్ని ఒకసారి గొంతెత్తి చదివి, ఎక్కడ ఆగాలో చూపిస్తే సగం అర్థం అక్కడే తెలిసిపోతుంది. యతి, ప్రాస, సమాసం విరుపు, ఒక విశేషణం అక్కడే ఎందుకు పడింది, ఇవన్నీ పుస్తకం చదివి సొంతంగా పట్టుకోవాలంటే చాలాకాలం పడుతుంది. అయితే ఆయన ఎం.ఏ. క్లాసు చెప్పినట్టే చెబుతారు. ఒక్క పద్యం మీద గంట గడిచిపోతుంది, వినడానికి ఎంతో బాగుంటుంది, సిలబస్ మాత్రం అక్కడే ఉంటుంది. మీరే పాత ప్రశ్నపత్రాలు ప్రింటు తీసుకెళ్లి ముందు పెట్టాలి. "మాస్టారూ, ఈ ప్రశ్నకి 150 మాటల్లో ఏం రాయాలి, ఏం వదిలెయ్యాలి?" అని అడగాలి. ఆ ప్రశ్న అడగడానికి మొహమాటపడితే ఏడాది తర్వాత మీకు పద్యాలు వస్తాయి, పేపరు రాయడం రాదు.

భాషాచరిత్రకి సాహిత్యం ప్రొఫెసర్ సరిపోతారని అనుకోవద్దు. అది వేరే శాస్త్రం. తెలుగు ఏ ఉపశాఖకి చెందింది అని అడిగి చూడండి. దక్షిణ మధ్య ద్రావిడం అని పేరు చెప్పి ఊరుకుంటే అది నోట్స్ జవాబు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి వర్గీకరణలో తెలుగు గోండి, కువి, కొండ భాషల పక్కన ఎందుకు చేరిందో చెప్పగలిగితే అది చదువు. తమిళంలో ఇరండు, మనకి రెండు. తమిళంలో ఉరల్, మనకి రోలు. మొదట్లో ఉన్న అచ్చు లోపలికి జరిగి, హల్లు ముందుకొచ్చింది. ఈ వర్ణవ్యత్యయం ఆ ఉపశాఖకి గుర్తుల్లో ఒకటి. బోర్డు మీద ఇలాంటి మాటలు నాలుగు రాసి సూత్రాన్ని మీ చేతే చెప్పించే గురువు దొరికితే భాషాచరిత్ర సిలబస్ భయం పోతుంది. అలాంటివాళ్లు భాషాశాస్త్ర విభాగాల్లో పరిశోధన చేస్తున్న విద్యార్థుల్లో కూడా ఉంటారు. వయసు చూసి తీసిపారెయ్యకండి.

ఇదే ఆప్షనల్‌తో ర్యాంకు తెచ్చుకున్నవాళ్లకి పరీక్ష హాలు తెలుసు. ఏ ప్రశ్న ముందు ఎత్తుకోవాలి, ఏడు నిమిషాల్లో ఎన్ని పద్యపాదాలు ఉటంకించగలం, ప్రిలిమ్స్ ముందు ఆప్షనల్‌ని ఎక్కడ ఆపాలి, ఇవి వాళ్లు చెప్పినంత సూటిగా ఎవరూ చెప్పలేరు. కానీ వాళ్లకి తెలిసింది వాళ్ల దారి. ఎం.ఏ. తెలుగు చదివి వచ్చిన ర్యాంకర్ "గ్రంథం రెండుసార్లు చదివితే చాలు" అంటే, ఇంజనీరింగ్ చదివి పద్యం ముఖం చూడని మీకు అది చాలదు. మధ్యలో సర్వీసు ట్రైనింగ్‌కి వెళ్లిపోయే అవకాశం కూడా ఉంటుంది కాబట్టి ఏడాది మొత్తం వాళ్లమీదే ఆధారపడొద్దు. సిలబస్ ఒకసారి పూర్తయ్యాక వీళ్లతో నాలుగైదు సార్లు కూర్చుంటే ఫలితం ఎక్కువ.

రికార్డు చేసిన వీడియోలు ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లకి బాగా కుదురుతాయి. వెనక్కి తిప్పి వినొచ్చు, ఖర్చు తక్కువ. కొనేముందు ఒక్కటి చూడండి: గుణనిధి కథకి పద్యాల వారీగా వివరణ ఉందా, మొత్తం కథని ఒక గంటలో చెప్పేశారా? రెండోదైతే డబ్బు దండగ.

టెస్ట్ సిరీస్ ఒక్కటే తీసుకోవడం ఇప్పటికే ఎం.ఏ. చేసినవాళ్లకి, రెండో ప్రయత్నంలో ఉన్నవాళ్లకి సరైన నిర్ణయం. మొదటిసారి చదివేవాళ్లు దీనితో మొదలుపెడితే ఖాళీ కాగితాలు ఇచ్చి రావడమే.

డెమో క్లాసుకి శ్రీశ్రీని అడగకండి

డెమో క్లాసంటే చాలాచోట్ల మహాప్రస్థానమే చెబుతారు. అది చెబితే ఎవరికైనా చప్పట్లు వస్తాయి, వినేవాళ్లకి సగం పంక్తులు ముందే వచ్చు. గురువు సత్తా తెలియాలంటే అంతగా నలగని పాఠం అడగాలి. నేనైతే ఆంధ్రనాయక శతకం నుంచి ఒక్క సీసపద్యం చెప్పమంటాను. కృష్ణా జిల్లా శ్రీకాకుళంలో వెలసిన ఆంధ్రవిష్ణువు మీద చెప్పిన శతకమిది. పైకి దేవుణ్ని నిందిస్తున్నట్టుంటుంది, లోపల పొగుడుతుంది. "ఇది వ్యాజస్తుతి, భక్తి శతకం, రాసుకోండి" అని ముందుకెళ్లిపోతే ఆ గురువు మీకు పనికిరారు. నింద ఏ మాట దగ్గర మలుపు తిరిగి స్తుతి అవుతోంది, దేవుణ్ని అంత చనువుగా దెప్పిపొడిచే గొంతు సీసం నడకలో ఎలా ఇమిడింది, వక్రోక్తి అని సిలబస్‌లో ఉన్న మాటని ఈ పద్యానికి ఎలా అన్వయించాలి, ఈ మూడూ వస్తే ఫీజు కట్టెయ్యొచ్చు.

ఇంకో పరీక్ష అల్పజీవి. కథ సుబ్బయ్యది అని అందరూ చెబుతారు. అతని పిరికితనం మనకి కథకుడి వ్యాఖ్యానం వల్ల తెలుస్తోందా, అతని ఆలోచనల ప్రవాహంలోంచి తెలుస్తోందా అని అడగండి. చైతన్య స్రవంతి అనే పదం చెప్పి ఆగిపోకుండా పుస్తకం తెరిచి ఒక పేరా చూపిస్తే, ఆయన ఆ నవలని నిజంగా చదివిన మనిషి.

దిద్దుబాటు ఎలా ఉండాలి

ఇక్కడే అసలు తేడా తెలుస్తుంది కాబట్టి ఒక ఉదాహరణ చెబుతాను. రాయబారంలో తిక్కన నాటకీయత గురించి ప్రశ్న అనుకుందాం. విద్యార్థి ఇలా రాశాడు: "తిక్కన పాత్రలను సజీవంగా చిత్రించాడు. ద్రౌపది సంభాషణ అత్యంత నాటకీయంగా ఉంది. పాఠకుని హృదయం ద్రవిస్తుంది."

ఒక గురువు ఈ జవాబు కింద టిక్కు పెట్టి, "బాగుంది, ఇంకా పాయింట్లు రాయండి" అని నాలుగు మార్కులు వేస్తారు. ఇలాంటి దిద్దుబాటు వంద జవాబులకి చేయించుకున్నా నూటొకటో జవాబు ఇలాగే ఉంటుంది.

ఇంకో గురువు "సజీవంగా" కింద గీత గీసి, ఎలా అని రాస్తారు. "అత్యంత నాటకీయంగా" పక్కన, ద్రౌపది అక్కడ మాటలతోనే ఆగలేదు, దుశ్శాసనుడు పట్టి ఈడ్చిన తన జుట్టుని కృష్ణుడికి చూపిస్తుంది, ఆ చేష్ట గురించి ఎందుకు రాయలేదు అని అడుగుతారు. అప్పటిదాకా సంధి గురించి మాట్లాడిన సభ మీద ఆ ఒక్క చేష్ట ఏం చేసిందో ఒక వాక్యం రాయమంటారు. "పాఠకుని హృదయం ద్రవిస్తుంది" కొట్టేసి, దాని బదులు పద్యపాదం ఒకటి పెట్టమంటారు. అదే జవాబుని మళ్లీ రాయించి, ఈసారి గడియారం చూసి ఏడు నిమిషాల్లో రాయిస్తారు. ఇలాంటి దిద్దుబాట్లు ఇరవై దొరికినా చాలు, రాత మారిపోతుంది.

అందుకే చేరేముందు, పాత విద్యార్థి ఎవరిదైనా దిద్దిన పేపరు ఒకటి పేరు తీసేసి చూపించమని అడగండి. బ్రోచర్ కంటే, ర్యాంకుల పట్టిక కంటే ఆ కాగితం ఎక్కువ చెబుతుంది. పట్టికలో ఉన్నవాళ్లలో ఎవరు ఏడాది చదివారో, ఎవరు ఇంటర్వ్యూ క్లాసుకి మాత్రం వచ్చారో మనకి తెలిసే దారి లేదు.

మీ పరిస్థితిని బట్టి

ఎం.ఏ. తెలుగు చేసినవాళ్లు మళ్లీ మొదటి నుంచి క్లాసులు కొనుక్కోనక్కర్లేదు. భాషాచరిత్రకి ఒకరిని పట్టుకుని, మిగతాదంతా టెస్ట్ సిరీస్ మీద పెట్టండి. మీకున్న ప్రమాదం వేరే ఉంది: తెలిసింది ఎక్కువ కావడంతో 10 మార్కుల జవాబు రెండున్నర పేజీలు పోతుంది. కుదించి రాయించే గురువుని ఎంచుకోండి.

ఇంజనీరింగ్ నుంచో మెడిసిన్ నుంచో వచ్చి, తెలుగు మీద ఇష్టంతో ఈ ఆప్షనల్ తీసుకున్నవాళ్లకి పద్యం దగ్గర మనిషి తోడు తప్పనిసరి. వీలైతే పద్యభాగానికి ప్రొఫెసర్ దగ్గర విడిగా చెప్పించుకోండి, సాహిత్య చరిత్రకి కోచింగ్ గానీ వీడియోలు గానీ చాలు. మొల్లతో మొదలుపెట్టమని అడగండి. తేటగా ఉంటుంది, ధైర్యం వస్తుంది. అవతారికలో ఆవిడ కవిత్వం ఎలా ఉండాలో చెప్పిన పద్యాలు విమర్శ రాయడానికి కూడా పనికొస్తాయి. నన్నయ, సూరన తర్వాత.

చిన్న ఊళ్లో ఉండి హైదరాబాద్ రాలేనివాళ్లు దాన్ని పెద్ద లోటుగా భావించొద్దు. జవాబు ఫోన్లో స్కాన్ చేసి పంపితే దిద్ది పంపేవాళ్లున్నారు. మూల గ్రంథాలకి, నిఘంటువులకి ఆంధ్రభారతి సైట్ ఉంది, పాత పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి, పాత ప్రశ్నపత్రాలు యూపీఎస్సీ సైట్లోనే ఉన్నాయి. దగ్గర్లో డిగ్రీ కాలేజీ తెలుగు లెక్చరర్ ఉంటే వెళ్లి కలవండి. పద్యం మీద ఆసక్తితో వచ్చే విద్యార్థి కోసం ఎదురుచూసే మాస్టార్లు ఇంకా చాలా ఊళ్లలో ఉన్నారు.

అధ్యాపక ఉద్యోగాలకి అర్హత పరీక్ష అయిన నెట్ రాసేవాళ్లకి లెక్క వేరు. యూజీసీ నెట్ తెలుగు పేపర్లో 100 ప్రశ్నలు, 200 మార్కులు, అన్నీ ఆబ్జెక్టివ్. నెగెటివ్ మార్కులు లేవు. అక్కడ ఎవరు ముందు, ఎవరు వెనక, ఏ గ్రంథం ఎవరికి అంకితం లాంటి వివరాలు ఎక్కువ కావాలి. జవాబులు దిద్దే గురువు కంటే విస్తారంగా ప్రాక్టీసు చేయించేవాళ్లు ఉపయోగం. సివిల్స్ తెలుగుకీ నెట్‌కీ ఒకే బ్యాచ్ అని ఎవరైనా అంటే, రెండింటిలో దేనికి అసలు తయారు చేస్తున్నారో అడిగి చేరండి.

డబ్బు, సమయం

ఫీజు మొత్తం ఒకేసారి కట్టకండి. వాయిదాల్లో కడతామంటే ఒప్పుకోని చోట, మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారో కాగితం మీద రాసివ్వమనండి. ఎన్ని జవాబులు దిద్దుతారు, ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు అనేవి కూడా అదే కాగితంలో ఉండాలి. "అన్‌లిమిటెడ్" అనే మాటని నమ్మొద్దు, అంకె అడగండి.

ప్రిలిమ్స్‌కీ మెయిన్స్‌కీ మధ్య దొరికేది దాదాపు మూడు నెలలు. అందులో జీఎస్ (జనరల్ స్టడీస్), ఎస్సే కూడా ఉంటాయి. కాబట్టి ఆప్షనల్ మొత్తం ప్రిలిమ్స్‌కి ముందే ఒకసారి అయిపోవాలి. బ్యాచ్ ప్రిలిమ్స్ తర్వాత మొదలవుతుందంటే, అది రెండోసారి రాసేవాళ్ల కోసం అనుకోండి.

ఎవరి దగ్గర చేరినా మొదటి నెలలో మూడు జవాబులు రాసి ఇవ్వండి: భాషాచరిత్ర నుంచి ఒకటి, పద్యం మీద వ్యాఖ్య ఒకటి, ఆధునిక గ్రంథం మీద ఒకటి. తిరిగొచ్చిన మూడింటిలో ఏ ఒక్కదాని మీదైనా మీకు తెలియని విషయం రాసి ఉంటే అక్కడే కొనసాగండి. మూడింటి మీదా టిక్కులూ మార్కులూ తప్ప ఏమీ లేకపోతే రెండో వాయిదా కట్టకముందే ఇంకొకరిని వెతుక్కోండి.